ఎడమవైపు పట్టీ

ప్రెస్సులో ఆమెను అందరూ తప్పులమ్మ అనేవారు. మొదట్లో చాటుగా అనుకునేవారు. ఒకరోజు కంపోజింగు గదిలో ఒకాయన నోరుజారి ఎదురుగానే అనేసి నాలుక కరుచుకున్నాడు. ఆమె కళ్లద్దాల మీదుగా చూసి, "పేరులో అచ్చుతప్పేం లేదుగా, ఉండనివ్వండి" అంది. ఆనాటినుంచి ఆ పేరు బాహాటంగానే చెలామణీ అయిపోయింది.

ముప్పై ఏళ్లుగా ఆమె పని ప్రూఫులు దిద్దడం. రాతప్రతి ఒక పక్క, అచ్చైన కాగితం ఒక పక్క పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చి చూడాలి. పాఠ్యపుస్తకాలు, రైళ్ల వేళల పట్టికలు, మందు డబ్బాల్లో మడిచి పెట్టే చీమతలకాయంత అక్షరాల కాగితాలు, ఏవి వస్తే అవి. ఊరందరి రాతలూ చదివింది కానీ తనంతట తాను సెలవు చీటీ తప్ప మరేదీ రాసి ఎరగదు. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం భోజనాల వేళ ప్రెస్సు కంప్యూటరు ముందు కూర్చుని, ముక్కూమొహం తెలియని జనం మూడు నెలలుగా కొట్టుకుంటున్న చోటికి ఒక ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. పూర్తి చేయడానికి నాలుగు మధ్యాహ్నాలు పట్టింది.

ఆమెను అంత తెగింపుకు తెచ్చింది భర్త పరిస్థితి.

ఆయన అదే ప్రెస్సులో ఆఫ్‌సెట్ మెషిన్ నడిపేవాడు. అందరికీ మెషినాయన. ఇరవై ఏడేళ్లు ఆ రొదలో బతికాడేమో, ఇంట్లో ఉప్పు అందుకోమన్నా వీధి చివరిదాకా వినపడేలా అడిగేవాడు. "మెల్లిగా మాట్లాడండి బాబూ, ఇక్కడ మెషినేం తిరగట్లేదు" అని ఆమె రోజుకు పదిసార్లు అనేది. మూడేళ్ల కిందట ఒక ఉదయం రోలర్లు కడుగుతూ కడుగుతూ అక్కడికక్కడే కుప్పకూలిపోయాడు. మెదడులో ఎడమ సగం దెబ్బతిందన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. నోరు తెరిస్తే "తతా" అనే శబ్దం ఒక్కటే వచ్చేది.

వీటన్నిటికంటే విచిత్రమైనది చూపు. కళ్లు నిక్షేపంగా ఉన్నాయి కానీ చూసినదాంట్లో కుడి సగం ఆయన లెక్కలోకి రాదు. పళ్లెంలో ఎడమవైపున్న అన్నం తినేసి, కుడివైపున్నది అలాగే వదిలేసి, అయిపోయిందన్నట్టు చూసేవాడు. ఆమె పళ్లెం తిప్పి పెడితే ఎవరో కొత్తగా వడ్డించినట్టు ఆశ్చర్యపోయేవాడు.

బుర్ర మాత్రం చెక్కుచెదరలేదు. అన్నీ వినేవాడు, అన్నీ తెలిసేవి. మాట నేర్పే డాక్టరమ్మ కొన్ని నెలలు కష్టపడి చివరికి ఒక మాట చెప్పింది. "నోటితో రావడం కష్టమమ్మా. రాసిన మాటల్ని మాత్రం గుర్తుపడుతున్నారు. కాకపోతే ఆ మాట ఎప్పుడూ ఒకే చోట ఉండాలి. ఆయన మాటని చదవట్లేదు, అది ఉన్న చోటుని చదువుతున్నారు. చోటు మారితే మాట పోయినట్టే."

ఆ మాట పట్టుకున్నవాడు బైండరు. మెషినాయనకు చిన్ననాటి స్నేహితుడు, వరసకు బావ కాకపోయినా బావా అనే పిలుచుకునేవారు. తప్పులమ్మ అతనికి చెల్లెమ్మ. పుస్తకాలు కుట్టడం అతని ఉద్యోగం. జనం పారేసిన కంప్యూటర్లు తెచ్చి బతికించడం అతని పిచ్చి. అలా బతికించిన ఒకదానికి వేలితో నొక్కే తెర తగిలించి మెషినాయన మంచం పక్కన పెట్టాడు. దాని మీద వాకిలి అనే ఉచిత డెస్క్‌టాప్ ఎక్కించాడు. ఎక్కడెక్కడో ఉన్న కొన్ని వందలమంది తమ తీరిక వేళల్లో తయారుచేసి, ఎవరైనా వాడుకోండని వదిలేసిన సరంజామా అది. తెర మీద ఏ బొమ్మ ఎక్కడుండాలో, ఏది నొక్కితే ఏది తెరుచుకోవాలో అంతా అదే చూసుకుంటుంది. అప్పట్లో నడిచేది దాని అయిదో కూర్పు. అందులో ఒక సౌకర్యం ఉంది. తెరకు ఎడమ అంచున పైనుంచి కిందిదాకా ఒక పట్టీ పెట్టుకోవచ్చు, అందులో పెద్దక్షరాలతో మనకు కావలసిన మాటలు పేర్చుకోవచ్చు, అది ఎప్పుడూ కదలకుండా కనిపిస్తూనే ఉంటుంది.

బైండరు ఆ పట్టీలో నీళ్లు, ఆకలి, కాలు, కిటికీ, తలుపు అంటూ మాటలు పేర్చాడు. నొక్కితే ఆ మాట పైకి వినపడుతుంది. గొంతు బైండరుదే. మొదట తప్పులమ్మ గొంతుతో పెట్టి చూశారు, మెషినాయన ఆడగొంతుతో మాట్లాడనని మొహం తిప్పేసుకున్నాడు. దాంతో కొత్తలో వంటింట్లో ఉన్న ఆమెకు పక్కగదిలోంచి బైండరు బొంగురు గొంతు "నీళ్లూ" అని పిలిస్తే గుండె ఆగినంత పనయ్యేది. "మొగుడొకరు, గొంతొకరిది. ఇలాంటి కాపురం ఎవరైనా చేశారా అన్నయ్యా?" అని నవ్వేది.

నలభై ఒక్క మాటలు నేర్చుకోవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత ఆయన వాటితో ఆటలు కూడా మొదలుపెట్టాడు. ఆయన అక్కగారు వస్తే ఒక పట్టాన వదిలే మనిషి కాదు, పాత గొడవలన్నీ తవ్వి తలకెత్తుతుంది. ఒకసారి ఆవిడ మంచి జోరులో ఉండగా మెషినాయన ఎడమచేత్తో వరసగా మూడు నొక్కాడు. "తలనొప్పి." "అక్క." "తలుపు." ఆవిడ నివ్వెరపోయి, "మాట పడిపోయినా వీడికి నోటి దురుసు పడిపోలేదు" అని పడీపడీ నవ్వింది. ఇల్లు ఇల్లులా అనిపించింది ఆ రోజు.

ఆ పాత కంప్యూటరు ఒక సోమవారం పొద్దున లేవలేదు. బైండరు విప్పి చూసి పెదవి విరిచాడు. ప్రెస్సు యజమాని తన గదిలో వాడకుండా ఉన్న మరో కంప్యూటరు ఇచ్చాడు, దాని మీద వాకిలి అయిదో కూర్పు ఎక్కలేదు. యంత్రం కొత్తది, కూర్పు పాతది, రెండింటికీ పొసగలేదు. మూడు ఆదివారాలు కుస్తీపట్టి బైండరు చేతులెత్తేశాడు. ఆరో కూర్పు అయితే చక్కగా ఎక్కింది. అందులో పట్టీ లేదు.

వాకిలివాళ్లు రూపం మొత్తం మార్చేశారు. తెర ఖాళీగా ఉంటుంది. బాణం గుర్తును కుడి అంచుకు నెడితే అక్కడినుంచి చిన్నచిన్న బొమ్మలు జారి వస్తాయి, వదిలేస్తే మళ్లీ దాక్కుంటాయి. బొమ్మల కింద మాటలు లేవు. ఎడమవైపుకు మార్చుకునే వీలు లేదు. ఆ వీలునే తీసేశారు.

మెషినాయన కొత్త తెర ముందు కూర్చుని ఎడమ అంచున ఎప్పుడూ 'నీళ్లు' ఉండే చోట నొక్కాడు. ఏమీ పలకలేదు. కొంచెం కింద నొక్కాడు. ఇంకొంచెం కింద నొక్కాడు. తలుపు తట్టి లోపల మనుషులున్నారో లేదో అని ఆగి వినేవాడిలా ప్రతి నొక్కు తర్వాతా ఆగి విన్నాడు.

"కుడివైపు ఉన్నాయి బావా, ఇటు, ఇటు చూడు" అని బైండరు ఆయన తల తిప్పబోయాడు. లేని చోటికి ఎలా చూస్తాడు? బైండరు మండిపడి తెరనే ఎత్తి తలకిందులుగా పెట్టాడు, కుడి ఎడమవుతుందని. బొమ్మలన్నీ శీర్షాసనం వేశాయి. అది చూసి మెషినాయన ఒక్కసారి నవ్వాడు. తర్వాత చాలా కాలం నవ్వలేదు.

వేరే డెస్క్‌టాప్‌లు రెండు తెచ్చి పెట్టారు. ఒకదాంట్లో మాటలు కిందికి చేరాయి, ఇంకొకదాంట్లో పట్టీ ఎడమకు వచ్చింది కానీ పెద్దక్షరాలు పెడితే సగం మాటలు లోపలికి ముడుచుకుపోయాయి. పోయిన చోటల్లా ఆయనకు కొత్త ఊరే. మూడోసారి మౌసును బల్ల మీదినుంచి తోసేశాడు. అదే వరసలో మాటలు అట్ట మీద రాసి పెడితే, నొక్కినా పలకని దాన్ని రెండోసారి ముట్టుకోలేదు.

అటుపైన ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన చక్రాల కుర్చీలో కూర్చుని "తతా" అనడం మొదలుపెట్టాడు. ఆమె నీళ్లు తెచ్చింది. తల అడ్డంగా ఊపాడు. కిటికీ తెరిచింది, మూసింది. ఫ్యాను వేసింది, ఆపింది. బాత్రూమా అంది, మందా అంది, అక్కగారికి ఫోను చెయ్యాలా అంది. "తతా, తతా, తతా." గొంతు పెరిగింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. కాగితం మీద మాటలు రాసి ముందు పెట్టింది, ఆయన ఎడమచేత్తో ఆ కాగితాన్ని ఉండచుట్టి విసిరేశాడు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. ఆమె తలప్రాణం తోకకొచ్చింది.

"నన్నేం చెయ్యమంటారండీ? నాకెలా తెలుస్తుందీ? చెప్పండి!" అని గట్టిగా అరిచేసింది. ఏ మాట అనకూడదో ఆ మాటే. అని, నేల మీద చతికిలబడి ఏడుస్తూ ఉంటే కుర్చీ కింద రక్తం కనపడింది.

మోకాళ్ల మీది దుప్పటి తీసి చూసింది. పడిపోయిన కుడి పాదం కుర్చీకి ఉండే పాదాల రేకు మీదినుంచి వెనక్కి జారి, రేకు అంచుకీ ముందు చక్రానికీ మధ్య ఇరుక్కుంది. చీలమండ దగ్గర లోతుగా తెగింది. చచ్చుబడిన కాలే అయినా అందులో నొప్పి చావలేదు. రెండు గంటలనుంచి ఆయన చెబుతున్నది అదే. పట్టీలో పైనుంచి తొమ్మిదో మాట, కాలు.

ఏడు కుట్లు పడ్డాయి. ఆసుపత్రినుంచి వచ్చాక ఆయన ఆమెను తిట్టినట్టు చూడలేదు. అసలు చూడలేదు. ఆ రోజునుంచి "తతా" అనడం కూడా మానేశాడు. నోట్లో ముద్ద పెడితే మింగేవాడు, పెట్టకపోతే లేదు. అక్కగారు వచ్చి కుర్చీ పక్కన కూర్చుని, "ఒరేయ్, ఒక్కసారి నన్ను బయటికి పొమ్మనరా" అని బతిమాలింది. ఆయన గోడ వంక చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడే బైండరు చెప్పాడు, వాకిలి కొత్త రూపం మీద చర్చ ఒకటి నడుస్తోందని, ఎవరైనా వెళ్లి రాయొచ్చని. "పట్టీ కావాలని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు చెల్లెమ్మా. ఇంకా తలుపు పూర్తిగా మూసుకోలేదు. నాకు రాయడం రాదు. నువ్వు రాయి."

ఆమె ముందు కూర్చుని ఆ చర్చ మొత్తం చదివింది, ప్రూఫు చదివినట్టే, ఒక్క మాట వదలకుండా. సగం అర్థం కాలేదు. అర్థమైన సగంలో సగం తిట్లు. కొత్త రూపం గీసినవాడు తెల్లకాగితం అనే మారుపేరుతో రాసేవాడు. పాత రూపం కోసం పోట్లాడేవాళ్లకు పెద్ద పాతకాపు. పేరే అది. వాకిలి పుట్టినప్పటినుంచి ఉన్నానని ప్రతి మూడో ఉత్తరంలో గుర్తుచేసేవాడు. తెల్లకాగితం ఒకచోట ఇలా రాశాడు: "పని చేసుకునే మనిషికి మనం అడ్డం రాకూడదు. తెర ఖాళీ కాగితంలా ఉండాలి." ఆ మాట ఆమెకు నచ్చింది. అంచులో ఖాళీ వదలని పేజీ ఎంత ఊపిరాడనివ్వదో ఆమెకు తెలుసు. నచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఉత్తరంలో ఆమె తన మారుపేరు ప్రూఫురీడరు అని పెట్టుకుంది. జరిగింది జరిగినట్టు రాసింది. భర్తకు తెరలో ఎడమ సగమే ఉందని, అక్కడ నలభై ఒక్క మాటలు ఉండేవని, అవి లేక కాలు తెగిన సంగతి చెప్పలేకపోయాడని. చివర్న, "పాతదంతా తెచ్చిపెట్టమని అడగడం లేదు. కావలసినవాళ్లు పట్టీని ఎడమవైపు పెట్టుకునే వీలు ఒక్కటి తిరిగి ఇవ్వండి" అని రాసింది. కామాలు సరిచూసుకుని పంపింది.

గంటలో పద్నాలుగు జవాబులు వచ్చాయి. జాలిపడినవాళ్లు నలుగురు. వేరే డెస్క్‌టాప్ వాడుకోమన్నవాళ్లు ముగ్గురు. అయిదో కూర్పులోనే ఉండిపోవచ్చు కదా అని ఒకరు, అది ఎక్కదని ఆమె రాసిన వాక్యం చదవకుండానే. ఇలాంటివాళ్లు లక్షలో ఎందరుంటారని ఇంకొకరు. "కోడు మీరే రాసి పంపండి, పరిశీలిస్తాం" అని మరొకరు, అదీ మర్యాదగానే.

"కోడు రాసి పంపమంటే ఏమిటన్నయ్యా?" అని అడిగింది బైండరును.

"కప్పు కారుతోందని మొరపెట్టుకుంటే, మట్టి ఇదిగో, పెంకులు కాల్చుకో అన్నట్టు" అన్నాడతను.

మర్నాటికి కథ చెయ్యి దాటిపోయింది. పాతకాపు ఆమె ఉత్తరాన్ని ఎత్తుకుని ఊరేగించాడు. వాకిలి గురించి ఎక్కడెక్కడ నలుగురు మాట్లాడుకుంటారో అక్కడల్లా అతికించాడు. "చూడండి మీ తెల్లకాగితం చేసిన ఘనకార్యం! ఒక రోగి కాలు నరికింది మీ అందం!" అని రాశాడు. ఆమె అలా రాయలేదు. అవతలివాళ్లు ఊరుకుంటారా? అసలు ఈ ప్రూఫురీడరు అనే మనిషే లేదని, ఇదంతా పాతకాపు కల్పించిన కన్నీటి గాథ అని మొదలుపెట్టారు. "నిజమైతే వీడియో పెట్టమనండి" అని ఒకడు రాశాడు. దాని కింద ఇరవైమంది "అవును" అన్నారు.

పాతకాపు ఆమెకు విడిగా రాశాడు. "పెట్టండమ్మా. ఒక్క నిమిషం చాలు. ఆయన కొత్త తెర ముందు తడుముకోవడం కనపడాలి. దెబ్బకి నోళ్లు మూతపడతాయి. గెలుస్తాం."

ఆమె రెండు రోజులు ఆలోచించింది. ఆ శనివారం పొద్దున మెషినాయనకు తల దువ్వి, ఉతికిన చొక్కా తొడిగి, కంప్యూటరు ముందుకు కుర్చీ తోసింది. ఫోను పైకెత్తి పట్టుకుంది. "ఒక్కసారి నొక్కండి. ఎప్పటిలా. ఒక్కసారి" అంది.

ఆయన చాలా రోజుల తర్వాత ఆమె వంక చూశాడు. ఫోను వంక చూశాడు. తల దువ్వడం, ఉతికిన చొక్కా ఎందుకో అర్థమైంది. ఎడమచేత్తో చొక్కా పై గుండీ విప్పడానికి ప్రయత్నించాడు. అది రాలేదు. ఆ చేత్తోనే మొహం కప్పుకున్నాడు.

ఆమె ఫోను బోర్లా పెట్టేసింది. తీసినంతవరకు చెరిపేసింది. కుర్చీ వెనక్కి లాగి, గుండీలు విప్పి, పాత చొక్కా తొడిగింది. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఆ పూట ఇంట్లో మాట రాని మనుషులు ఇద్దరయ్యారు.

సోమవారం భోజనాల వేళ పాతకాపుకు రాసింది. "నా ఉత్తరం మీరు అతికించిన చోట్లనుంచి తీసేయండి. నేను నా భర్త కోసం రాశాను, మీ కోసం కాదు." జవాబు వెంటనే వచ్చింది. "ఇప్పుడు తీస్తే ఓడిపోతాం. పెద్ద ప్రయోజనం చూడండి." ఆమె మళ్లీ రాసింది. "మా ఆయనకి ఏ వైపు కనపడదో చెప్పండి చూద్దాం." ఈసారి జవాబు రాలేదు. ఉత్తరమంతా ఊరేగించిన మనిషికి అందులో ఏముందో గుర్తులేదు.

పట్టీ సంగతి తేల్చడానికి వాకిలివాళ్లు ఒక సభ పెట్టారు. ఫోనుల్లోనే, ఎవరి ఇళ్లలోంచి వాళ్లు. ఓటు వేసేది ఏడుగురు. వచ్చే శనివారం మూడింటికి, ఆమెకు మూడు నిమిషాలు. బైండరు పక్కన కూర్చున్నాడు. ఆమె రాసుకున్నది చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి. కాగితం పక్కన పెట్టేసింది.

"మీరందరూ మంచివాళ్లే. ఊరికే చేసి పెడుతున్నారు. మీ మీద నాకు కోపం లేదు" అంది. "కానీ మావారు మనిషే కదండీ. ఆయన ఉన్నారు. ఆయన్ని నేను కల్పించలేదు. రోజూ అన్నం పెడుతున్నాను. ఆయన నాతో మాట్లాడి డెబ్బై మూడు రోజులైంది. నాకు... నాకు ఆయన గొంతు అక్కర్లేదు. అది పోయిందని ఎప్పుడో ఒప్పుకున్నాను. మళ్లీ రెండోసారి పోయిందంటే ఎలా ఒప్పుకోమంటారు?"

ఎవరి ఇంట్లోనో కుక్క మొరిగింది. అప్పుడు ఒక గొంతు, జలుబు చేసినట్టున్న నీరసమైన గొంతు, "నేనేనండీ తెల్లకాగితం" అంది. "ఆయన తెరకి ఎంత దూరంలో కూర్చుంటారు?"

"మూరెడు."

"వేలు తిన్నగా పడుతుందా, వణుకుతుందా?"

"ఎడమచెయ్యి కదండీ, కొంచెం వణుకుతుంది. అందుకే అక్షరాలు పెద్దవి పెట్టాం."

మూడు నెలల కొట్లాటలో ఆయన గురించి ప్రశ్నలు అడిగినవాడు ఒక్కడే, అతనే. ఆమెకు ఆశ పుట్టింది. ఆ వెంటనే అతను అన్నాడు: "నేను మీకు అబద్ధం చెప్పను. పట్టీని చూసుకునే మనిషి రెండేళ్ల కిందటే మానేశాడు. అది మూడుచోట్ల కుళ్లిపోయి ఉంది. తిరిగి పెడితే ఎవరో ఒకరు మొయ్యాలి. ఇక్కడ అరిచినవాళ్లలో ఒక్కరూ మోస్తామనలేదు. పాతకాపుగారు కూడా."

ఓట్లు వేశారు. పట్టీ వద్దని అయిదు, కావాలని రెండు. తెల్లకాగితం వద్దనే వేశాడు.

బైండరు తెర మీద ఉమ్మేసినంత పనిచేశాడు. తప్పులమ్మ వంటింట్లోకి వెళ్లి, తలుపు దగ్గరికి వేసుకుని, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. బయటికి వచ్చాక మెషినాయనకు స్నానం చేయించాలని నీళ్లు కాచింది. చెయ్యడానికి ఇంకేముంది?

తొమ్మిది రోజుల తర్వాత తెల్లకాగితం దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. వాకిలిలోకి పట్టీని తేలేనని, దానికి బయట తగిలించుకునే చిన్న ముక్క ఒకటి వేరుగా చేసి ఇస్తానని, అందులో మాటలు ఎడమ అంచున పాత వరసలోనే ఉంటాయని రాశాడు. "పగలు నాకు ఉద్యోగం ఉంది. ఆదివారాలే దొరుకుతాయి. కొంచెం ఓపిక పట్టండి. నన్ను ఈ మూడు నెలలు ఎన్ని తిట్లు తిట్టారో మీరు చదివే ఉంటారు. మీరు ఒక్క మాట అనలేదు." ఆమె నలభై ఒక్క మాటలూ పైనుంచి కిందికి వరసగా రాసి పంపింది.

ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాల్లో మెషినాయన సగమయ్యాడు. ముక్క వచ్చిన రోజు బైండరు తగిలించి, తన గొంతు మళ్లీ ఎక్కించి, కుర్చీ ముందుకు తెచ్చాడు. ఎడమ అంచున మాటలన్నీ పాత చోట్లలోనే నిలబడి ఉన్నాయి. మెషినాయన వాటిని చూశాడు. చెయ్యి ఒళ్లోనే ఉంది. ఆ రోజు ముట్టుకోలేదు. ఆ వారం ముట్టుకోలేదు. ఆమె రోజూ ప్రెస్సునుంచి రాగానే ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఆ చోట్ల మీద ఆనించేది. "నీళ్లూ" అని బైండరు గొంతు పలికేది. ఆయన మొహంలో ఏమీ ఉండేది కాదు.

డాక్టరమ్మ వచ్చి చూసింది. "ఆపిన చోటినుంచి మొదలవదమ్మా. మొదటినుంచే" అంది. "ఎంతవరకు వస్తారో నేను చెప్పలేను."

ఇరవై నాలుగో రోజున ఆయన తనంతట తాను ఒకటి నొక్కాడు. "కాలు." ఆమె ఉలిక్కిపడి, వంగి, దుప్పటి తీసి, పాదం తడిమి చూసింది. పాదం సరిగ్గానే ఉంది. నొప్పేం లేదు. ఆయన మళ్లీ నొక్కాడు. "కాలు." మానిన గాటు మీద ఆమె చెయ్యి ఉంది. ఆయన ఆమెను చూస్తున్నాడు. ఆ ఆదివారం చెప్పలేకపోయిన మాట ఇప్పుడు చెబుతున్నాడని ఆమెకు అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. "తెలిసిందండీ. నాకు తెలిసింది" అని ఆ పాదం మీదే తల ఆనించింది.

తర్వాత పదకొండు మాటలదాకా వచ్చి ఆగాడు. నలభై ఒకటి మళ్లీ ఎప్పుడూ కాలేదు. తలనొప్పి ఎక్కడుందో, అక్క ఎక్కడుందో దొరకలేదు. ఉన్న పదకొండూ అవసరాల మాటలు. వాటితో ఆటలు ఆడలేదు.

ఏడాది తిరిగేసరికి తెల్లకాగితం వాకిలినుంచి తప్పుకున్నాడు. అలిసిపోయానని అందరికీ ఒక చిన్న ఉత్తరం రాశాడు, ఆమెకు విడిగా ఇంకొకటి. వాకిలికి తగిలించే ఏ ముక్కకైనా దాన్ని చూసుకునే మనిషి పేరు ఒకటి రాసి ఉండాలట. ఆ గడి ఖాళీగా ఉంటే వచ్చే కూర్పులో తీసేస్తారట. "మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి" అని రాశాడు.

ఆమెకు తెలిసినవాళ్లెవరున్నారు? బైండరు ఆ కోడు తెరిచి, చదివి, గంటసేపు తల గోక్కున్నాడు. "నాకూ కొరుకుడు పడట్లేదు చెల్లెమ్మా. కానీ గడి ఖాళీగా ఉండకూడదంటున్నారు కదా. నీ పేరు పెట్టు. తర్వాత సంగతి తర్వాత."

"నాకేం తెలుసని పెట్టను అన్నయ్యా? అబద్ధం కాదూ?"

"చూసుకునే మనిషి అనే కదా అడిగారు. చూడ్డం నీకు రాదా?"

గడిలో ప్రూఫురీడరు అని రాసింది.

ఇప్పుడు ఎవరైనా ఆ ముక్క మీద చెయ్యి వేస్తే ఆమెకు కబురు వస్తుంది. కోడులో పాత వరసలు ఒక పక్క, మార్చిన వరసలు ఒక పక్క. ఏం చెబుతున్నాయో ఆమెకు తెలియదు. అక్షరం అక్షరం పోల్చి చూసి, ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనిది కనపడితే, ఎందుకు తీశారని అడుగుతుంది. ఒకసారి నలభై మూడో వరసలో ఒక మాట ఎగిరిపోయింది. ఆమె అడిగితే, "పొరపాటు, సరిచేస్తున్నాం" అని జవాబు వచ్చింది. ఆమె అడక్కపోతే ఇంట్లో పట్టీ మాయమై ఉండేదని బైండరు తర్వాత చెప్పాడు. ఆ రోజునుంచి కబురు వచ్చిన ప్రతిసారీ ఆమె వరసలన్నీ రెండేసిసార్లు పోల్చి చూస్తుంది. అన్ని పొరపాట్లూ తన కంటికే చిక్కుతాయని హామీ ఏముంది? ఎన్నాళ్లు చిక్కుతాయి? ఆమె కళ్లద్దాల నంబరు నిరుడే పెరిగింది.

కిందటి వారం వాకిలి ఏడో కూర్పు రూపం మీద చర్చ తెరిచారు. మొదటి రోజే అరవై ఉత్తరాలు. కొత్తవాళ్లే ఎక్కువ, పాతకాపు పేరు ఎక్కడా కనపడలేదు. ఆమె భోజనాల వేళ కూర్చుని మొదటినుంచీ చదువుకుంటూ వచ్చింది. యాభై రెండో ఉత్తరంలో ఎవరో రాశారు: "ఎడమవైపు పట్టీ అని ఒక చిన్న ముక్క ఉంది. కొత్త రూపానికి అడ్డం వస్తోంది. దీన్ని అసలు ఎవరైనా వాడుతున్నారా? తీసేద్దామా?"

ఆమె కళ్లద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివింది. తర్వాత కింద గడిలో, "ఒకరు వాడుతున్నారు. తీయకండి" అని రాసి పంపింది. భోజనాల వేళ అయిపోయిందని గంట కొట్టారు. జవాబు వస్తుందేమోనని ఆమె లేవకుండా అక్కడే కూర్చుంది.